విప్పని పొట్లం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా బడిలో ఒకటో తరగతి పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. అందుకే ఐదో తరగతి పిల్ల మనస్విని నేను తిట్టిన రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తిట్టి మరిచిపోవడం నాకూ అలవాటే కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

మాది తిరుత్తణి దాటి ఆంధ్ర సరిహద్దు వైపు పోయే దారిలో ఒక పంచాయతీ ప్రాథమిక పాఠశాల. తెలుగు మీడియం. ఐదు తరగతులకీ కలిపి ఇరవై ముగ్గురు పిల్లలు. టీచర్లం ఇద్దరం, హెడ్మాస్టరు సుందరరాజ్ సారూ నేనూ. నేను రోజూ పొద్దున్నే తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కి తిరుత్తణిలో దిగి, అక్కడ బస్సు పట్టుకుంటాను. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధిలో తమిళం మాట్లాడతారు. చదవమంటే మాత్రం తమిళమే గడగడా చదువుతారు. బస్సుల మీదా గోడల మీదా వాళ్ళకి కనిపించేది అదే కదా, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

మాకు వచ్చే బొమ్మల పుస్తకాలు కూడా తమిళంలోనే ఉంటాయి. వాటిలో నాకు నచ్చినవి ఏరుకుని, తెలుగులో రాసిన కాగితం ముక్కలు తమిళ వాక్యాల మీద మైదా జిగురుతో అంటిస్తాను. పిల్లలు ఊరుకుంటారా? ఆ ముక్కల కొసలు గోటితో లేపి కింద ఏముందో చదివేస్తారు. చదివి, "టీచర్, కింద వేరేగా ఉంది, మీరు తప్పు రాసినారు" అని నాకే దిద్దుబాట్లు చెబుతారు. ఈ పనిలో అందరికంటే ముందుండేది ఐదో తరగతి మనస్వి. ఏ పుస్తకం ఇచ్చినా ముందు దాని గోరు కాగితం కిందికి పోతుంది.

ఆ ఏడాది నాలుగు, ఐదు తరగతుల పిల్లలకి సంభావ్యత చెప్పాలనుకున్నాను. ఏది తప్పకుండా జరుగుతుంది, ఏది ఎన్నటికీ జరగదు, ఏది జరిగే వీలు ఎక్కువ, ఏది తక్కువ అనే పాఠం. నేను చదువుకునే రోజుల్లో మా సారు నాణెం అనీ పాచిక అనీ బోర్డు మీద రాసి లెక్కలు చేయించాడు. నాకు మార్కులొచ్చాయి గానీ ముక్క అర్థం కాలేదు. ఆ కసి ఇంకా ఉంది. అందుకే ఒక బొమ్మల పుస్తకం పట్టుకున్నాను.

అందులో ఒక కోతి, పళ్ళమ్మే అవ్వ ఉంటారు. అవ్వ సంచిలో నాలుగు జామకాయలు, ఒక మామిడిపండు. మొదటి పేజీలో సంచి తెరిచి ఉంటుంది, పళ్ళు కనిపిస్తాయి. రెండో పేజీలో కోతి కళ్ళు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టి ఉంటుంది. పేజీ తిప్పే ముందు ఆగి, ఏమొస్తుందర్రా అని అడగాలి. పిల్లలందరూ మామిడి అని అరుస్తారు. ఎందుకంటే వాళ్ళకి కావలసింది అది. తిప్పితే జామకాయ. కోతి దాన్ని సంచిలో పడేసి మళ్ళీ చెయ్యి పెడుతుంది. తిప్పితే మళ్ళీ జామకాయ. నాలుగోసారికి గొంతులు తగ్గుతాయి, ఎవరో ఒకరు మొదటి పేజీకి వెనక్కి పోయి సంచిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. నాకు కావలసింది ఆ వెనక్కి పోవడమే. అప్పుడు నేను మా ఇంట్లో కుట్టిన గుడ్డ సంచి బయటికి తీస్తాను. అందులో ఎర్ర పూసలు, తెల్ల పూసలు ఉంటాయి. ఒక్కొక్కరూ వచ్చి చూడకుండా ఒక పూస తియ్యాలి, రంగు చెప్పి బోర్డు మీద గీత గీయాలి, పూస మళ్ళీ సంచిలో వెయ్యాలి.

మనస్వి వంతు వచ్చింది. కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని ఎడంచెయ్యి సంచిలోకి చాపింది. అంతకు ముందు రోజు నోటు పుస్తకం కూడా నాకు ఎడంచేత్తోనే ఇచ్చింది. మర్యాద లేదనుకుని అప్పటికే నాకు మండుతోంది. కుడిచెయ్యి పెట్టమన్నాను. వద్దంది. "ఏం, ఆ చేతికి సెలవిచ్చినావా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు, ఏడవనూ లేదు. పూస తియ్యకుండానే పోయి తన చోట కూర్చుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ప్రియంక అనే పిల్ల నా చెవిలో చెప్పింది. మనస్వి కుడిచెయ్యి మంచిది కాదట. దాంతో ఎవరికీ ఏదీ ఇవ్వదట, ఏదీ తియ్యదట. రాస్తుంది, తింటుంది, అంతే.

ఆ సాయంత్రం నా బస్సు వచ్చేదాకా మనస్విని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

వాళ్ళ ఇంట్లో ఏ పెద్ద పని అయినా పువ్వు కట్టి చూస్తారు. ఈ వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే. పాత కేలండరు తేదీ కాగితాలు రెండు చింపి, ఒకదానిలో తెల్ల నందివర్ధనం, ఇంకొకదానిలో ఎర్ర గన్నేరు పెట్టి, ఒకే తీరుగా మడిచి దారం చుడతారు. రెండు పొట్లాలూ తిరుత్తణి మురుగన్ స్వామి పటం ముందు పెడతారు. ఇంట్లో ఒక చిన్నబిడ్డ వచ్చి కుడిచేత్తో ఒకటి తియ్యాలి. తెల్లపువ్వు వస్తే చెయ్యమని, ఎర్రపువ్వు వస్తే వద్దని. వాళ్ళ ఇంట్లో ఇంకో రెండు పట్టింపులున్నాయి. ఎవరి పని గురించి అడుగుతున్నారో వాళ్ళే, దేవుడి గదిలో ఒక్కరే కూర్చుని పొట్లాలు కట్టాలి. బిడ్డ తియ్యకుండా వదిలిన పొట్లాన్ని విప్పకూడదు. విప్పితే దేవుడి మాటని పరీక్ష చేసినట్టు. దాన్ని అట్లాగే తీసుకుపోయి బావిలో వేస్తారు.

మనస్వికి నాలుగేళ్ళప్పటి నుంచీ తీసేది తనే. ఏ ఆవుని కొనాలి, బోరు ఎక్కడ వెయ్యాలి, అన్నీ ఆ చేత్తోనే. ఈ బిడ్డ చెయ్యి నిజం చెబుతుందని వాళ్ళ అవ్వ కమలమ్మ ఊరంతా గొప్పగా చెప్పుకునేది.

రెండున్నరేళ్ళ కిందట వాళ్ళ నాన్న మహేంద్ర సేద్యం ఆపి కాట్టుపల్లి ఓడరేవు వైపు పనికి పోదామా వద్దా అని పువ్వు కట్టాడు. మనస్వి తీసింది. తెల్లపువ్వు వచ్చింది. ఆయన పోయాడు. మూడు నెలలకి, ఒక వాన రోజు పని నుంచి తిరిగొస్తుంటే మీంజూరు దగ్గర బండి జారి పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. లోపల రాడ్డు వేశారు. ఇప్పటికీ కర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేడు.

ఆసుపత్రి వరండాలో కమలమ్మ ఎవరితోనో ఏడుస్తూ, ఈ బిడ్డ చేత్తోనే కదా తెల్లపువ్వు వచ్చింది అందట. మనస్వి పక్కనే నిలబడి ఉంది. అప్పుడు దానికి ఏడున్నరేళ్ళు.

"ఎడంచేత్తో తీస్తే లెక్కలోకి రాదు టీచర్," అంది. "దేవుడు కుడిచెయ్యే చూస్తాడు."

బస్సెక్కాక నాకు మొదట కమలమ్మ మీద కోపం వచ్చింది. తర్వాత మహేంద్ర మీద, ఆ తర్వాత ఆ పిల్ల అమ్మ మీద. వాళ్ళకి కళ్ళు లేవా అనుకున్నాను. తిరుత్తణి స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నప్పుడు మాత్రం నా వంతు వచ్చింది. ఏడాదిగా ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుంది. నేను చూసింది మర్యాద లేకపోవడం ఒక్కటే. చాలా సిగ్గనిపించింది.

అదంతా ఉత్త నమ్మకం అని చెప్పేస్తే సరిపోతుందనుకునేదాన్ని కాదు. చెబితే పోయే భయాలైతే నా భయాలు ఎప్పుడో పోయేవి. పరీక్ష పేపర్లు దిద్దడానికి నేను ఇప్పటికీ మంగళవారం ఎర్ర పెన్ను పట్టను. అందుకని ఆ రాత్రి కాక మరుసటి ఆదివారం కూర్చుని, కోతి పుస్తకానికి నాలుగు పేజీలు నేనే గీసి అతికించాను. జామకాయలే వస్తున్నాయని కోతి తన చేతి మీద అలుగుతుంది. చెడ్డ చెయ్యి అని దానికి గుడ్డపీలిక చుట్టి కట్టేస్తుంది. చీమ వచ్చి, చెయ్యి సంగతి తర్వాత, సంచిలో ఏముందో ముందు చూడు అంటుంది. కోతి సంచి బోర్లిస్తుంది. అన్నీ జామకాయలే, మామిడిపండు ఎప్పుడో అవ్వ అమ్మేసింది.

నా బొమ్మలు ఎట్లా ఉన్నాయంటే, పిల్లలందరూ కోతిని కుక్క అన్నారు. ఒకడు చీమని కూడా కుక్కపిల్ల అన్నాడు. మనస్వి మాత్రం అలవాటు కొద్దీ కాగితం కొస లేపి చూసింది.

"కింద ఏమీ లేదు టీచర్."

అది నేనే రాశానని చెప్పాను. ఆ పిల్ల ఆ నాలుగు పేజీలూ మూడుసార్లు చదివి పుస్తకం నాకు ఇచ్చింది. ఎడంచేత్తోనే.

అయినా నేను వదల్లేదు. సంచిలో ఐదు తెల్లవి, ఐదు ఎర్రవి వేసి, ఎడంచేత్తో యాభైసార్లు, కుడిచేత్తో యాభైసార్లు తీసి చూద్దామన్నాను. మనస్వి గోడ మీది మురుగన్ కేలండరుని వెనక్కి తిప్పితే కుడిచెయ్యి పెడతానంది. తిప్పాము. సుందరరాజ్ సారు వచ్చి స్వామికి ఏమైందని అడిగితే, పరీక్ష జరుగుతోంది సార్ అని చెప్పాను. ఎడంచేతికి ఇరవై మూడు తెల్లవి వచ్చాయి. కుడిచేతికి ఇరవై ఆరు. మనస్వి ఆ అంకెలని చూస్తూ నిలబడింది.

"రెండు చేతులూ ఒకటే," అంది. నేను గెలిచాననుకున్నాను. కానీ అది కేలండరుని మళ్ళీ ఇటు తిప్పి, "పూసలకి ఏమీ తెలీదు కదా టీచర్. స్వామికి తెలుసు," అంది.

పాఠం పూర్తయింది, పరీక్షలో దానికి పదికి పది వచ్చాయి. చెయ్యి మాత్రం వీపు వెనకే ఉండిపోయింది.

ఫిబ్రవరి చివర, మాసి నెలలో ఒక గురువారం మనస్వి నా దగ్గరికి వచ్చి, మరుసటి రోజు బడికి రానని చెప్పింది. పువ్వు తియ్యాలట. వాళ్ళ నాన్న కాల్లో వేసిన రాడ్డు దగ్గర మరలు వదులయ్యాయి. మళ్ళీ కోసి సరిచెయ్యాలని తిరువళ్ళూరులో డాక్టరు చెప్పాడు. ఇట్లాంటి ఆపరేషను చేసుకున్న పదిమందిలో ఎనిమిదిమంది కర్ర లేకుండా నడుస్తారు, ఇద్దరికి మాత్రం ఇప్పటిలాగే ఉండిపోవచ్చు అన్నాడు. మహేంద్రకి ఎనిమిది వినిపించింది, కమలమ్మకి రెండు వినిపించింది. నాలుగు రోజులు ఇంట్లో వాదులాట. చివరికి పువ్వు కట్టి చూద్దామనుకున్నారు.

చెబుతున్నంతసేపూ ఆ పిల్ల కుడి అరచేతిని గౌనుకి తుడుచుకుంటూనే ఉంది. ఈసారి ఎడంచేత్తో తీస్తానంటే కుదరదు. ఏది వచ్చినా, ఆ తర్వాత ఏం జరిగినా, అది దాని చెయ్యి మీదికే వస్తుంది. పదేళ్ళ పిల్ల దాన్ని మొయ్యలేదు. నాకు ఇంకేమీ తోచక, నేనూ వస్తానన్నాను.

ఇంటి సంగతుల్లో తల దూర్చొద్దని సుందరరాజ్ సారు చెప్పి చూశాడు. వాళ్ళు పొలాలున్న కుటుంబం, ఊళ్ళో పరువున్నవాళ్ళు, రేపు బడికి పిల్లల్ని పంపకపోతే ఏం చేస్తాం అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. అయినా పొద్దున సెలవు పెట్టి వెళ్ళాను. నోరు తెరవకూడదని దారి పొడవునా నాకు నేను చెప్పుకున్నాను.

కమలమ్మ నన్ను చూసి మర్యాదగానే మజ్జిగ ఇచ్చింది. "బిడ్డ బాగా చదవలేదా టీచరమ్మా?" అని అడిగింది. బాగా చదువుతుందనీ, ఊరికే చూసి పోదామని వచ్చాననీ చెప్పాను. మహేంద్ర మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన కర్ర. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, నెరిసిన గడ్డంతో యాభైలా ఉన్నాడు. మనస్వి వాళ్ళ అమ్మ చెన్నై దారిలో ఉన్న పట్టాభిరామ్‌లో ఒక కంపెనీలో పనికి పోతుంది, ఆమె అప్పటికే రైలెక్కేసింది. ఇల్లు గడిచేది ఇప్పుడు ఆమె మీదే.

కమలమ్మ రెండు తేదీ కాగితాలు చింపి, పళ్ళెంలో నందివర్ధనం పూలూ గన్నేరు పూలూ పెట్టి, దారపుండతో సహా కొడుకు చేతికిచ్చింది. మహేంద్ర కర్ర ఊతంగా లేచాడు. దేవుడి గది గడప దగ్గర మనస్వి అడ్డంగా నిలబడి ఉంది.

"నైనా, కట్టేముందు నాకు చూపించు."

కమలమ్మ మెల్లగా, అది పద్ధతి కాదమ్మా అంది. తీసే బిడ్డ చూడకూడదు, చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది అని నచ్చజెప్పింది.

"ఏది ఏదో నాకు ఒద్దు అవ్వా. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది ఉండాది అని చూస్తే చాలు. లోపల ఏముండాదో తెలీకుండా నేను తియ్యను."

నా నాలుక కొస దాకా ఏదో వచ్చింది. గ్లాసులో మిగిలిన మజ్జిగ తాగేశాను.

మహేంద్ర పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అతని మొహం చూసి నేను కాలు నొప్పి అనుకున్నాను. మనస్వి అతని వంక చూడటం లేదు, పళ్ళెంలో పూల వంక చూస్తోంది. రెండున్నరేళ్ళుగా లోపల పెట్టుకున్నది అప్పుడు అడిగింది.

"ఆ పొద్దు బావిలో ఏసిన పొట్లంలో ఎర్రది ఉన్నింది కదా నైనా? నేను ఒక జానెడు అవతలికి చెయ్యి పెట్టుంటే అదే వచ్చుండును. నువ్వు పనికి పొయ్యుండవు. నీ కాలు బాగుండును."

మహేంద్ర పళ్ళెం కింద పెట్టి, గోడకి ఆనుకుని, కాలు చాపుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"ఎర్రది లేదు పాపా," అన్నాడు. "రెండిట్లోనూ తెల్లదే పెట్టినాను."

కమలమ్మ కొడుకు వైపు తిరిగింది. అతను తల్లిని చూడకుండా కూతురికే చెప్పాడు. బోరు ఎండిపోయి రెండేళ్ళు పంట లేదు. పోవాలని అతను ముందే నిశ్చయించుకున్నాడు. అమ్మ పోనివ్వదని తెలుసు. స్వామి పొమ్మన్నాడంటే మాత్రం కాదనదు. విప్పని పొట్లం ఎట్లాగూ బావిలోకే పోతుంది, ఎవరు చూస్తారు?

"నువ్వు యాడ చెయ్యి పెట్టినా తెల్లదే వచ్చుండును. స్వామిని మోసం చేసినాను, అందుకే నాకు కాలు పొయ్యిందని ఇన్నాళ్ళూ అనుకుంటా ఉండాను. నువ్వు ఇట్ల అనుకుంటా ఉండావని నాకు తెలీదు పాపా. తెలిసుంటే ఆ పొద్దే చెప్పుండేవాణ్ణి."

మనస్వి కుడిచేతిని ముందుకి తెచ్చి, అరచెయ్యి తెరిచి చూసుకుంది.

"అట్లయితే తీసింది నేను కాదు," అంది.

అని, అక్కడే కూలబడి ఏడ్చింది. క్లాసంతా నవ్విన రోజు ఏడవని పిల్ల. నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. లేవవలసింది నేను కాదు. మహేంద్ర పిల్లని దగ్గరికి లాక్కున్నాడు. అతనూ ఏడుస్తున్నాడు. ఒకే ఇంట్లో ఒకే కాలికి తండ్రి ఒక కారణం, కూతురు ఒక కారణం మోస్తూ, రెండున్నరేళ్ళు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని అన్నం తిన్నారు. నాకు కోపం రావలసిన చోటే రాలేదు.

ఏడుపు తగ్గాక మనస్వి ముక్కు తుడుచుకుని, ఆ రోజు ఆ చోట ఇంకెవరైనా పడ్డారా అని తండ్రిని అడిగింది. వాన పడి రోడ్డంతా జారుతోందనీ, తనకంటే ముందు రెండు బండ్లు, తర్వాత ఒకటి పడ్డాయనీ మహేంద్ర చెప్పాడు.

"వాళ్ళు కూడా రెండు తెల్లపూలు కట్టినారా నైనా?"

మహేంద్ర కూతురి మొహాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. నేను ఒక ఏడాది తిప్పలు పడి, పూసలూ కోతులూ పెట్టి చెప్పాలనుకున్నది ఆ పిల్ల ఒక్క ప్రశ్నలో అడిగేసింది. నా పాఠం దానికి ఎప్పుడో అర్థమైందనీ, దాచిపెట్టిన పొట్లం ఒక్కటే అడ్డమనీ నాకు అప్పుడు తెలిసింది.

కమలమ్మ అప్పటిదాకా గడప మీదే కూర్చుని ఉంది. ఆసుపత్రి వరండాలో తను అన్న మాట మనవరాలు గుర్తు చేసింది. ఆమెకి గుర్తే లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి కొడుకుతో, "నన్ను అడిగుంటే పొమ్మనుండేదాన్ని కదరా," అంది.

అది నిజమో కాదో ఆమెకే తెలియదనుకుంటాను. తర్వాత లేచి దారపుండ తీసుకుని, తెల్లపూలూ ఎర్రపూలూ కలిపి ఒకే దండగా కట్టి స్వామి పటానికి వేసింది. మహేంద్ర బుధవారం ఆసుపత్రిలో చేరతానని చెప్పాడు. ఆమె సరే అంది. పొట్లాలు ఎవరూ కట్టలేదు. తేదీ కాగితాలు రెండూ గాలికి వాకిట్లోకి కొట్టుకుపోయాయి.

బుధవారం మనస్వి బడికి వస్తుందనుకోలేదు. వచ్చింది. ఆపరేషను పదిన్నరకట, అమ్మా అవ్వా వెంట వెళ్ళారట, ఇంట్లో ఒక్కతే ఉండబుద్ధి కాలేదట. నేను బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. అది నా బల్ల దగ్గరికి వచ్చి గుడ్డ సంచి అడిగింది. పూసలన్నీ బల్ల మీద పోసి, అందరికీ కనబడేలా ఎనిమిది తెల్లవి, రెండు ఎర్రవి లెక్కపెట్టి సంచిలో వేసింది. ఎందుకో నాకు తెలుసు. ఆ ఎనిమిదీ రెండూ ఎక్కడివో క్లాసులో ఇంకెవరికీ తెలియదు.

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. నేను వద్దని చెప్పేలోపే మనస్వి కళ్ళు మూసుకుని కుడిచెయ్యి సంచిలో పెట్టింది. పూసల్ని కలిపింది, ఒకటి పట్టుకుని బయటికి తీసింది.

ఎర్రది.

సంభావ్యత చెప్పే టీచర్ని, పదిలో రెండు అంటే ఏమిటో బోర్డు మీద రాసినదాన్ని, ఆ ఒక్క పూసని చూసి లోపల తిరుత్తణి స్వామికి మొక్కేసుకున్నాను. ఈ పిల్ల ఇప్పుడు ఏమైపోతుందో అని దాని మొహం చూశాను.

మనస్వి పూసని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. నా మొహం కూడా చూసింది.

"పూసే కదా టీచర్," అంది.

బోర్డు మీద ఎర్ర గడిలో ఒక గీత గీసి, పూసని సంచిలో వేసి, మళ్ళీ కుడిచెయ్యి లోపల పెట్టింది.